ఆలివ్ నూనెతో నయమైన మా కోడలు

రోజుకు రెండు చెంచాల ఆలివ్ నూనె తాగితే ఆడవాళ్ల గర్భసంచికి ఏ రోగమూ రాదని, ఆ నూనెను సర్కారు దవాఖానల్లో ఉచితంగా పంచే పథకం పెడుతున్నామని మంత్రి పాండురంగం గారు మట్టెవాడ సభలో ప్రకటించారు. అంత పెద్ద మనిషి మా కడుపుల గురించి ఇంతగా ఆలోచిస్తున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. మా అమ్మ ఎనిమిది మందిని కన్నది, పల్లినూనె తప్ప మరొకటి ఎరగదు. పాపం, మంత్రిగారు లేని కాలంలో బతికింది.

అప్పటికే మా కోడలు నిర్మలకు నెలసరి ఆగడం లేదు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. గర్భసంచిలో గడ్డలున్నట్టున్నాయి, స్కానింగ్ చూస్తే గాని మందు రాయనని డాక్టరమ్మ అన్నది. స్కానింగ్ గదికి పోతే తాళం.

"మిషిన్ ఏడ వోయింది బిడ్డా?" అని నర్సును అడిగాను.

"లోపట్నే ఉన్నదవ్వా, నూనె డబ్బాల ఎనుక. దవాఖానల గీ ఒక్క రూముకే ఏసీ ఉన్నది. నూనెకు వేడి తగలొద్దట."

"మరి మా కోడలు?"

"పథకం ఓపెనింగ్ అయ్యేదాక జర ఓపిక పట్టుమను."

ఆ మాట నిర్మలకు చెప్పాను. రక్తానికి ఎవరు చెప్పాలో నర్సు చెప్పలేదు.

శాంపిల్ సీసా ఒకటి మాకూ దక్కింది. ఒట్టి నూనె గొంతు దిగక, నిర్మల గిన్నెలో బియ్యప్పిండితో సర్వపిండి ఒత్తి, వేలితో పెట్టిన బొక్కల్లో పోసింది. ఒక్క గిన్నెకే సీసా ఖాళీ. సర్వపిండి బాగానే కాలింది. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అప్పుడు పార్టీ కార్యకర్త సదానందం వచ్చాడు.

"సారలమ్మత్తా, ఓపెనింగుకు టీవీలోల్లు వస్తాండ్రు. లబ్ధిదారుల తరఫున నువ్వే మాట్లాడాలె. మీ కోడలికి నూనెతోని నయమైందని చెప్పు."

"కాలేదు గదరా."

"అయితదత్తా. నువ్వు చెప్పు, సారు ఖుష్ అయితడు. తెల్లారే రూము తెరిపిస్త. ఫస్టు స్కానింగ్ మీదే. ఫికర్ చెయ్యకు."

నయం కావాలంటే ముందు నయమైందని చెప్పాలన్నమాట. ప్రభుత్వ పద్ధతులు నాలాంటిదానికి ఎక్కడ తెలుస్తాయి.

వేదిక ఎక్కాను. మొదలుపెట్టాక ఆపడం నాకు చిన్నప్పటినుంచీ రాదు. నొప్పి పోయిందన్నాను, మొహంలో కళ వచ్చిందన్నాను, బిందెలు బిందెలు నీళ్లు మోస్తోందన్నాను. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. కింద నిర్మల కుర్చీ చేతులు పట్టుకుని కూర్చుంది. సదానందం సైగ చేస్తే చప్పట్లు కూడా కొట్టింది.

సదానందం మాట తప్పే మనిషి కాదు. తెల్లవారే గది తెరిచారు. నిర్మలను నడిపించుకుంటూ పోయి, లైనులో అందరికంటే ముందు నిలబడ్డాను. నర్సు నన్ను చూసి మురిసిపోయింది.

"అవ్వా, నీ వీడియో పెద్దసారే మా గ్రూపుల పెట్టిండు. మస్తు మాట్లాడినవ్."

"అదంత ఇడువు బిడ్డా. ఇగో, మా కోడలు. స్కానింగ్ చెయ్యి."

నర్సు మొహం మారింది. "ఈమెకు నయమైంది గద."

"కాలేదు బిడ్డా. సూడు, నిలబడ చాతనైతలేదు."

"మంత్రి సారు ముంగటనే చెప్తివి. ఇప్పుడు నేను లోపటికి పంపి, గడ్డలున్నయని రిపోర్టొస్తే నా నౌకరి ఉంటదా? పక్కకు జరుగవ్వా, నయం కానోళ్లు శానమంది ఉన్నరు."

మేం పక్కకు జరిగాం. మా వెనక, పొత్తికడుపు పట్టుకుని వంగి నిలబడ్డ ఒకామె లైను వదిలి మా దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, నిన్ను ఫోన్ల చూసిన. మీ కోడలు నూనె పరిగడుపున తాగిందా, తిన్నంక తాగిందా?"