గుర్రుపెట్టే కంప్యూటర్

“నేటి నుంచి మన మండలిలో శబ్దరహిత పాలన ప్రారంభమవుతున్నది” అని అధ్యక్షులు అంబరీష్ గారు ప్రకటించినప్పుడు కిటికీ అద్దాలు అదిరాయి. శ్రీనివాసపురం మామిడి మండీలో వేలం పాడి పైకి వచ్చిన గొంతు అది. గనుల ప్రాంత సర్వతోముఖ పునరుజ్జీవన మండలికి ఆయన అధ్యక్షులై ఏడాది దాటింది. మూతపడిన బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో ఇంతవరకూ ఏదీ పునరుజ్జీవించలేదు గాని, ఆయన విశ్రాంతి తీసుకున్నారని ఎవరూ అనలేరు.

నిజానికి ఆ రోజు ఆయన ఆ ప్రకటన చేద్దామనుకోలేదు. విలేకరుల సమావేశంలో ఒకడు లేచి, గని కార్మికులు తరతరాలుగా కాపురమున్న లైన్ ఇళ్ళకు హక్కుపత్రాలు ఎప్పుడిస్తారని అడిగాడు. అధ్యక్షులు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. అతను మళ్ళీ అడిగాడు. అధ్యక్షులు బాధగా తల ఊపి, మూలనున్న కంప్యూటర్‌ను చూపించారు.

“నువ్వు అడిగేది ఒక్క ముక్క వినపడలేదప్పా. అది చూడు, ఎట్ల గుర్రు పెడతా ఉండాదో. ఇట్లయితే ప్రజల గోడు మాకెట్ల వినపడతాది?”

ప్రకటన ఆ వెంటనే పుట్టింది. గొప్పవాళ్ళకు ఆలోచనలు అలాగే వస్తాయి.

ఆ కంప్యూటర్ గుమాస్తా మధురది. అది గుర్రు పెట్టే మాట నిజమే. ఆన్ చేస్తే ఇనుప బల్లంతా వణికేది, పెన్ను దానంతటదే దొర్లి కింద పడేది. ఎండాకాలం గాలికి బంగారం తీసి పారబోసిన సయనైడ్ దిబ్బల మీది తెల్లదుమ్ము ఊరంతా లేస్తుంది. అది ఇళ్ళలోకి, అన్నంలోకి వచ్చినట్లే కంప్యూటర్ ఫ్యానులోకీ వచ్చింది. మధురకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆమె దిగులు వేరే ఉంది.

నారాయణమ్మ వారం వారం వస్తోంది. మొగుడు గనిలో పనిచేసి చనిపోయాడు. లైన్ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. పక్కగోడ పైనుంచి కింద దాకా పగిలింది. దానికి దుంగ ఒకటి ఆనించి, దుంగకు దండం పెట్టుకుని పడుకుంటోంది. హక్కుపత్రం లేనిదే గోడ ముట్టుకోవడానికి మునిసిపాలిటీ ఒప్పుకోదు. ఆమె పత్రం మధుర కంప్యూటర్‌లో తయారై ఉంది. అచ్చు తీసి ముద్ర వేయడమే తరువాయి.

“వానలొచ్చేలోపల ఇచ్చేస్తారా అమ్మా?”

“ఇచ్చేస్తామమ్మా. రేపు రా.”

మర్నాడు మధుర తొందరగా వచ్చింది. కంప్యూటర్ పక్కరేకు విప్పి, పాత పెయింటు బ్రష్‌తో దుమ్మంతా దులిపి, వదులైన మరలు బిగించి, అడుగున సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టింది. ఆన్ చేస్తే గుర్రు లేదు, వణుకు లేదు. ఆమెకు పట్టరాని సంతోషం వేసింది. నారాయణమ్మ పత్రం తెర మీదికి తెచ్చి ప్రింటర్‌లో కాగితం పెడుతుండగా కార్యదర్శి మాధవ వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, చెవులు రిక్కించి, మొహం పాలిపోయి నిలబడ్డాడు.

“శబ్దం యాడ?”

“పోయింది సార్. దుమ్ము తుడిచినాను.”

“నిన్నెవురు తుడవమన్నారు?” మాధవ కుర్చీలో కూలబడ్డాడు. “మంత్రిగారి డేట్ దొరికి ఉండాది. బెంగళూరునించి నిపుణుడు వస్తా ఉండాడు. ఫ్లెక్సీలు అచ్చుకు పోయినాయి. ఇప్పుడు మంత్రిగారు వచ్చి దేన్ని నిశ్శబ్దం చేయాల?”

“బాగయిపోయింది కదా సార్.”

“అదే కదమ్మా నువ్వు చేసిన పని. ప్రొసీజర్ లేకుండా బాగయిపోతే ఆఫీసు ఎందుకు?” ఆయన జవాను ఆంజనప్పను పిలిచాడు. “ఆ దుమ్ము యాడ పారేసినారో చూసి తీసుకురా.”

“అది గాలికి పోయింది సార్. దిబ్బ కాడ కావల్సినంత ఉండాది, ఫ్రెష్‌గా తెస్తాను.”

ఆంజనప్ప సంచీతో బయలుదేరాడు. మధుర చేతిలో కాగితం పట్టుకుని నిలబడే ఉంది. “ఒక్క పత్రం అచ్చు తీసుకుంటాను సార్. ఆమె గోడ…”

“ఇంగ దాన్ని ముట్టుకోవద్దు. దుమ్ము పోసినాక మంత్రిగారు వచ్చేదాకా ఎవురూ ఆన్ చేయగూడదు. మాటిమాటికి ఆన్ చేస్తే శబ్దం అరిగిపోతాది” అంటూ మాధవ ప్లగ్గు పీకేశాడు.

నిపుణుడు శివరాజ్ ఎంతో నిబద్ధత గల మనిషి. ఆపి ఉన్న కంప్యూటర్ దగ్గర డెసిబెల్ మీటర్ పెట్టి శబ్దం కొలిచాడు. మీటర్‌లో పచ్చలైటు వెలిగింది. ఆయన నుదురు చిట్లించాడు.

“ఇది చాలా డేంజరస్ నిశ్శబ్దం. ఈ బిల్డింగ్ కింద ఏముంది?”

“గని ఉండాది సార్” అన్నాడు ఆంజనప్ప. “ఊరి కిందంతా గనే.”

“అనుకుంటూనే ఉన్నాను” అని శివరాజ్ రిపోర్టు తయారుచేశాడు. కంప్యూటర్‌కు ప్రత్యేక పునాది తవ్వాలన్నాడు. చుట్టూ ఇటుక గోడ, లోపల స్పాంజి, ముందు అద్దాల తలుపు, పైన కాంక్రీటు కప్పుతో శబ్దనిరోధక మందిరం కట్టాలన్నాడు. మండలి చరిత్రలో ఏ పనీ అంత వేగంగా జరగలేదు. మేస్త్రీలు ఆదివారాలు కూడా వచ్చారు.

పత్రం కోసం వచ్చిన నారాయణమ్మ ఆ కొత్త గోడను అరచేత్తో నిమిరి చూసింది.

“గట్టిగా కట్టినారమ్మా. ఈడ ఎవురుంటారు?”

మధుర తల వంచుకుంది. “కంప్యూటర్ ఉంటాది.”

నారాయణమ్మ కాసేపు ఆ గోడ నీడలోనే కూర్చుని వెళ్ళిపోయింది.

మంత్రిగారు వచ్చారు. శాలువాలు కప్పారు. నిశ్శబ్దం ఆవశ్యకత గురించి అధ్యక్షులు మైకులో చాలాసేపు మాట్లాడారు. తరువాత కంప్యూటర్ ఆన్ చేశారు. అది ఒక్కసారి దగ్గినట్లు చేసి ఊరుకుంది. ఆంజనప్ప విధేయుడు కావడంతో దుమ్ము కొంచెం ఎక్కువే పోశాడు. ఫ్యాను కదలలేదు.

మాధవ చొక్కా తడిసిపోయింది. అధ్యక్షులు మాత్రం కలవరపడలేదు. కష్టకాలంలోనే నాయకుడు తెలుస్తాడు. తెర వెనక మంత్రిగారి టిఫినుకు చట్నీ తయారవుతున్న వైపు ఒకసారి కన్ను తిప్పారు. ఆంజనప్ప మిక్సీ ఆన్ చేశాడు.

హాలు మోతెక్కిపోయింది. మంత్రిగారు చలించిపోయారు.

“ఇంత శబ్దంలో ఇన్నాళ్ళు ఎట్ల పని చేసినావమ్మా?” అని మధురను అడిగారు.

నారాయణమ్మ పత్రం మాట చెప్పడానికి ఇదే సమయమని మధురకు తోచింది. నోరు తెరిచింది. మాధవ ఆమెవైపే చూస్తున్నాడు.

“అలవాటయిపోయింది సార్” అంది. ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండింది.

మంత్రిగారు మందిరం తలుపు పక్కన బిగించిన పచ్చబటన్ నొక్కారు. ఆంజనప్ప మిక్సీ ప్లగ్గు పీకాడు. నిశ్శబ్దం ఆవరించింది. చప్పట్లు కొట్టబోయిన వారిని శివరాజ్ వారించాడు. అందరూ గాలిలో చేతులు ఊపారు. పత్రికల్లో ఆ ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

“ఇంగ ఆన్ చేసుకోవచ్చా సార్?” అని మధుర మర్నాడు అడిగింది.

మాధవ ఆమెను జాలిగా చూశాడు. “ఆన్ చేస్తే శబ్దం రాదా? మంత్రిగారు స్వయంగా ఆపినదాన్ని మనం మొదలుపెడితే ఏమంటారు?” అద్దాల తలుపుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఇక మిగిలింది డెసిబెల్ మీటర్. ప్రభుత్వ వస్తువు ఊరికే పడి ఉండరాదు కాబట్టి దాన్ని వాకిట్లో, ప్రజలు వచ్చే దారిలో బిగించారు. మాట పచ్చలైటు దాటకూడదు. ఎర్రలైటు వెలిగితే ఆంజనప్ప మర్యాదగా బయటికి పంపిస్తాడు.

తొలివాన పడిన మర్నాడు నారాయణమ్మ వచ్చింది. చీర కుచ్చెళ్ళ నిండా బురద.

“అమ్మా, నా గోడ…” అంది. ఎర్రలైటు వెలిగింది.

“స్వల్ప మెల్లిగా అవ్వా” అన్నాడు ఆంజనప్ప.

ఆమె గొంతు తగ్గించింది. మళ్ళీ ఎర్రలైటే. ఇంకా తగ్గించింది. చివరికి పెదవులు మాత్రమే కదిలాయి. పచ్చలైటు వెలిగింది. ఆంజనప్ప ఆమెను చేయి పట్టి లోపలికి తీసుకువెళ్ళాడు. అధ్యక్షులు ఎదురుగా కూర్చుని ఉన్నారు. నారాయణమ్మ ఆయన ముందు నిలబడి పెదవులు కదిలించింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. వాటికి శబ్దం లేదు. అధ్యక్షులు ఆనందంగా నమస్కరించారు.

“సంతోషమమ్మా. పోయి రా.”

ఆ పెదవులు ఏమంటున్నాయో చదువుకున్న మధుర లేచి నిలబడింది.

“ఆమె గోడ కూలిపోయింది సార్” అంది గట్టిగా. “రాత్రంతా వానలో కూర్చున్నింది. ఆ తలుపు తీసి, దుమ్ము తుడిస్తే ఆమె పత్రం ఇప్పుడే వస్తాది. నేనే తుడుస్తాను. తాళంచెవి ఇప్పించండి.”

వాకిట్లో ఎర్రలైటు వెలిగి, ఆరకుండా అలాగే ఉండిపోయింది. అధ్యక్షులు చుట్టూ చూశారు.

“ఈ శబ్దం యాడనించి వస్తా ఉండాది?”

మాధవ మధురను చూపించాడు. అధ్యక్షులు ఆమెను చాలాసేపు పరిశీలించి, గంభీరంగా తల పంకించారు.

“మంత్రిగారికి ఫోన్ చెయ్యప్పా. ఇంగొక డేట్ అడుగు.”