విస్తరాకుకు తుప్పు పరీక్ష

అడవి అంచు గూడేల్లో తయారయ్యే అడ్డాకు విస్తళ్లకు ఇకమీదట తుప్పు పరీక్ష తప్పనిసరి అని పత్రోత్పత్తుల ప్రోత్సాహక మండలి ఉత్తర్వు జారీ చేసింది. ఉత్తర్వు చదివిన వాళ్లెవరూ నవ్వలేదు. పై నుంచి వచ్చిన కాగితాన్ని చూసి నవ్వే అలవాటు మన దగ్గర ఎప్పుడో పోయింది కదా.

ఈ ఘనతంతా మండలి నాణ్యతాధికారి రాంబాబుది. ఆయన ఇంకా కాంట్రాక్టు ఉద్యోగే. మండలిలో చేరకముందు నగరం శివార్లలోని ఒక బోల్టుల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేశాడు. విస్తళ్లలో ఏయే లక్షణాలు చూడాలో, ఎన్ని తయారైతే ఎన్ని తీసి చూడాలో వారంలోగా పట్టిక సమర్పించమని డైరెక్టర్ గారు ఆదేశించారు. రాంబాబు ఆరు రోజులు గాఢంగా ఆలోచించాడు. ఏడో రోజు పాత ఫ్యాక్టరీ పట్టికను కంప్యూటర్‌లో తెరిచి, 'బోల్టు' అన్న ప్రతిచోటా 'విస్తరి' అని మార్చాడు. కంప్యూటర్ కూడా ప్రభుత్వ ఉద్యోగిలా కిమ్మనకుండా మార్చేసింది. వ్యాసం, మందం, బరువు చక్కగా అతికాయి. తుప్పు, మర చుట్ల బిగువు మాత్రం మిగిలిపోయాయి. వాటిని కొట్టేయమంటారా అని రాంబాబు అడిగితే డైరెక్టర్ గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "నాణ్యత తగ్గిద్దామంటావా?" అన్నారు. కాంట్రాక్టు ఉద్యోగి నాణ్యత తగ్గించగలడా? రెండూ ఉండిపోయాయి.

మొదటి తనిఖీ దమ్మపేట అవతలి గూడెంలో, ముత్తక్క సంఘంలో జరిగింది. ముత్తక్క, మరికొందరు ఆడవాళ్లు కలిసి తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసుకొస్తారు. ఎండబెట్టి, పుల్లలతో కుట్టి, మండలి ఇచ్చిన మిషన్ మీద ఒత్తుతారు. తనిఖీలో నెగ్గితే జిల్లాలోని హాస్టళ్లన్నిటికీ విస్తళ్లు వేసే పని వాళ్లదే. ఓడితే మిషన్ వెనక్కి పోతుంది, వాళ్లు మళ్లీ వేంసూరు దిక్కు మిర్చి కూలికి పోవాలి. ఈ సంగతి ముత్తక్కకు తెలుసు, రాంబాబుకూ తెలుసు.

రాంబాబు ఒక విస్తరి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. అది గోధుమరంగులో ఉంది. పట్టికలో తుప్పు రంగు గోధుమ అని స్పష్టంగా రాసి ఉంది.

"మొత్తం తుప్పు పట్టిందమ్మా" అన్నాడు.

"ఆకుకు తుప్పేంది సారూ? ఎండితే గట్లనే ఉంటది" అంది ముత్తక్క.

"నాకూ తెలుసు. కానీ పట్టికకు తెలియదు కదా."

ఇద్దరూ కాసేపు ఆలోచించాక ఒక మధ్యేమార్గం దొరికింది. గోధుమరంగు విస్తళ్లకు తుప్పు ఉందనీ, అయితే ఆ తుప్పు సహజసిద్ధమైనదనీ రాంబాబు రిపోర్టు రాశాడు. మండలి ఆ రిపోర్టును ఎంతో మెచ్చుకుంది. 'సహజసిద్ధమైన తుప్పు' అన్న మాటను ఒక కరపత్రంలో కూడా అచ్చువేశారు.

అసలు చిక్కు ఎన్ని తీసి చూడాలన్న దగ్గర వచ్చింది. ఫ్యాక్టరీలో బోల్టులు రోజూ ఒకే లెక్కన ఊడిపడతాయి. గూడెంలో అలా కుదరదు. వాన పడితే ఆకు ఎండదు. సంత ఉన్న రోజు సగం మంది రారు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో అందరూ ఏరడానికి పోతారు, మిషన్ దగ్గర పిల్లి తప్ప ఎవరూ ఉండరు. పట్టిక మాత్రం ఒక విడతగా పెట్టే సరుకు రాశి ఎంత చిన్నదైనా యాభైకి తక్కువ నమూనాలు తీయకూడదంటుంది. ఒక సంత రోజున వాళ్లు చేసినవే నలభై. రాంబాబు 'నమూనాల కొరత' అని రాసుకుని, తనిఖీ కోసం మరో పది కుట్టమన్నాడు. వాళ్లు కుట్టారు. యాభైకి యాభై తనిఖీ చేశాడు, యాభై నెగ్గాయి. అమ్మడానికి ఒక్కటీ మిగలలేదు. ఎందుకు మిగలలేదో చెప్పాలంటే డైరెక్టర్ గారి దూరదృష్టి గురించి చెప్పాలి.

"విస్తరిని కొలబద్దతో కొలిచి ఏం లాభం? వాడి చూడాలి. వాస్తవ వినియోగ పరిస్థితుల్లో పరీక్షించాలి" అని డైరెక్టర్ గారు సమావేశంలో ప్రవచించారు. విస్తరి వాస్తవ వినియోగం భోజనమే. కాబట్టి ఎన్ని నమూనాలైతే అన్ని భోజనాలు, అన్ని భోజనాలకు అంతమంది అధికారులు. వంటమనిషి ఆంథోనిని 'పరీక్షా ద్రవాల ఇన్‌చార్జి'గా నియమించారు. పప్పు బరువుకు ఒక పరీక్ష, చారు పలచనకు ఒక పరీక్ష. కోడికూర పులుసు చిక్కదనం వేరు కనుక దానికి ప్రత్యేక పరీక్ష. పరీక్షా సామగ్రిని ఉత్పత్తిదారులే సమకూర్చాలన్నది నిబంధన. నిబంధన వచ్చిన నెలకు గూడెంలో కోడికూత వినపడడం మానేసింది.

నాణ్యత పట్ల ఇంత శ్రద్ధను మన జిల్లాలు ఎన్నడూ ఎరగవు. తూనికల వాళ్లు వచ్చారు. రోడ్ల వాళ్లు వచ్చారు. పశువుల దవాఖానా డాక్టరు గారు కోడికూర తమ పరిధిలోకే వస్తుందని సగౌరవంగా గుర్తుచేసి మరీ వచ్చారు. ఈ వారం రాశి ఎంత పెద్దది అని ముందురోజే ఫోన్లు. రాశి పెద్దదైతే నమూనాలు ఎక్కువ, నమూనాలు ఎక్కువైతే కుటుంబసమేతంగా తనిఖీ చేయవచ్చు. రాంబాబు మొదట్లో గర్వపడ్డాడు. తన పట్టిక చుట్టూ ఇన్ని శాఖలు ఒక్కతాటిపైకి రావడం చూసి, ఉద్యోగం పర్మనెంట్ కావడం ఇక ఎంతో దూరంలో లేదనుకున్నాడు.

ముత్తక్కకు మాత్రం సహనం చచ్చింది. ఒకరోజు విస్తళ్ల కట్ట మీద కూర్చుని అడిగేసింది.

"సారూ, నిజం చెప్పుండ్రి. చిన్నగ చేస్తె మొత్తం మీరే తింటున్రు. అన్నీ పోగుచేసి ఒక్కపారి పెడితె మాకేమన్న మిగుల్తదా?"

రాంబాబు పట్టిక తీశాడు. రాశి పెరిగినకొద్దీ నమూనాలూ పెరుగుతాయి కానీ అంత వేగంగా పెరగవు. వేల విస్తళ్ల రాశికి కూడా రెండు వందల మంది తింటే చాలు.

"మిగుల్తుందమ్మా. చాలానే మిగుల్తుంది. కానీ అందులో ఒక పరీక్ష ఓడితే రాశి మొత్తం పోతుంది."

"మంచిగ చేసినంక ఎందుకు ఓడుతది?" అంది ముత్తక్క. ఆ ప్రశ్న అడగగలిగిన మనుషులు ఇంకా ఉన్నందుకు మనం సంతోషించాలి.

అప్పటినుంచి ఆడవాళ్లు ఒక్కటీ బయటికి ఇవ్వకుండా కుట్టి పెట్టారు. చెద పట్టకుండా వేపాకు వేసి, ఎలుకలు కొరకకుండా వంతులవారీగా కాపలా కాశారు. ఆ మొత్తాన్నీ ఒకే రాశిగా, భద్రాచలంలో జరగబోయే 'ప్లాస్టిక్‌కు వీడ్కోలు' మహాసభలో పరీక్షించి, హాస్టళ్ల ఆర్డరు కూడా అక్కడే తేల్చాలని మండలి తీర్మానించింది. సభకు వచ్చే జనానికి భోజనమూ అయిపోతుంది, పరీక్షా అయిపోతుంది.

చారు ఎంతసేపు నిలవాలన్న గడి మాత్రం పట్టికలో ఖాళీగా ఉండిపోయింది. బోల్టుల్లో చారు పోసే ఆచారం లేకపోవడం వల్ల పాత ఫ్యాక్టరీ ఆ సంగతి ఆలోచించలేదు. డైరెక్టర్ గారు స్వహస్తాలతో 'భోజనం ముగిసే వరకు' అని నింపారు. ఇది న్యాయంగానే ఉందని రాంబాబు అనుకున్నాడు. భోజనం ఎంతసేపు పడుతుందో తినే ప్రతివాడికీ తెలిసిందే.

నమూనాలను యాదృచ్ఛికంగా ఎంచాలని పట్టికలో ఉంది. ముందు వరసల్లో కూర్చునే పెద్దల విస్తళ్లే నమూనాలని డైరెక్టర్ గారు నిర్ణయించారు. పెద్ద పదవులు యాదృచ్ఛికంగానే వస్తాయి కనుక ఇందులో శాస్త్రానికి విరుద్ధమైనదేమీ లేదు.

సభ రోజు గోదావరి మీద గాలి కూడా లేదు. నిండు విస్తళ్లు ఫొటోల్లో పడాలని ముందుగానే వడ్డించేశారు. అన్నం, పప్పు, కూర, పైన పొగలు కక్కే చారు. అప్పుడు డైరెక్టర్ గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఆకు అంటే ఏమిటి? ఆకు అంటే ఆకలి తీర్చేది! మన పూర్వీకులు ఆకుల్లో తిన్నారు. వారి పూర్వీకులు ఆకులే తిన్నారు! ఈ మహత్తర ప్రస్థానంలో మా మండలి ఆవిర్భావం నుంచి నేటి వరకు సాధించిన విజయాలను మూడు భాగాలుగా విన్నవిస్తాను..."

పై అధికారి మాట్లాడుతుంటే ముద్ద ఎత్తే ధైర్యం ముందు వరసల్లో ఎవరికుంది? అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని విస్తళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. వెనక వరసల్లో గూడెం వాళ్లు, బస్సు డ్రైవర్లు, హాస్టల్ పిల్లలు వడ్డించగానే తిన్నారు, మారు వడ్డించుకుని తిన్నారు, విస్తళ్లు మడిచి పారేసి చెట్టు నీడన చేరారు. వాళ్లలో ఒక్కరి బట్టల మీదా మరక పడలేదు. డైరెక్టర్ గారు రెండో భాగంలోకి ప్రవేశించారు. మూడో భాగం మొదలయ్యేసరికి ముందు వరసల్లో ఆకులు నాని, పుల్లలు వదులై, చారు నెమ్మదిగా నాణ్యమైన తెల్ల ప్యాంట్లలోకి దిగడం మొదలుపెట్టింది. అయినా ఒక్కరూ కదల్లేదు. క్రమశిక్షణ అంటే అదే.

చప్పట్లు మోగాక డైరెక్టర్ గారు కిందికి దిగి చూశారు.

"రాంబాబూ, ఏమిటిది?"

రాంబాబు నోరు తెరిచేలోపు వెనకనుంచి ముత్తక్క నడిచి వచ్చింది.

"అన్నం ముందల పెట్టుకొని గంటసేపు మాట్లాడితె ఆకేం జేస్తది సారూ? మా దిక్కు చూడుండ్రి. గంత మంది తిన్నరు, ఒక్క చుక్క కారలే. అడుగుండ్రి!"

డైరెక్టర్ గారు ఆమెను చూడలేదు. రాంబాబునే చూశారు. "ఆ వరసలు నమూనాలో ఉన్నాయా?"

ఆమె చెప్పింది నిజమని రాంబాబుకు తెలుసు. ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, వాళ్లు తృప్తిగా తినడం కళ్లారా చూశాడు. ఆయనకు సిగ్గేసింది, అయితే పర్మనెంట్ ఫైలు డైరెక్టర్ గారి బల్ల మీదే ఉంది.

"లేవు సార్" అన్నాడు.

"భోజనం ముగిసే వరకు చారు నిలిచిందా?"

"భోజనం మొదలే కాలేదు సార్."

"అంటే మొదలయ్యే వరకు కూడా నిలవలేదన్నమాట. రాసుకో."

రాంబాబు రాసుకున్నాడు. ముత్తక్క ఆయన చేతినీ కలాన్నీ చూసింది. తర్వాత తమ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండునని రాంబాబుకు అనిపించింది.

మండలి మాత్రం నిరాశపడలేదు. సభకు ఆర్థిక సహకారం అందించిన ఒక కంపెనీ ప్రతినిధి అదృష్టవశాత్తు తమ కంపెనీ ప్లేట్ల కట్టలు వెంట తెచ్చుకున్నాడు. పెద్దలకు వాటిలోనే మళ్లీ వడ్డించారు. వందన సమర్పణ జరిగినంతసేపూ చుక్క కారలేదు. వందన సమర్పణ మీద ఇంకో వందన సమర్పణ జరిగినా కారలేదు. తుప్పు అసలే లేదు. ఆ ప్లేట్లు ప్లాస్టిక్‌వి కదా అని ఎవరో గొణిగారు. పట్టికలో పదార్థం అన్న లక్షణమే లేదని రాంబాబు తిరగేసి చూసి ధ్రువీకరించాడు. ప్లాస్టిక్‌కు వీడ్కోలు సభలోనే హాస్టళ్ల ఆర్డరు ఆ ప్లేట్లకు ఖాయమైంది. మరుసటి నెల రాంబాబు పర్మనెంట్ అయ్యాడు. గూడెంలోని మిషన్‌ను లారీలో ఎక్కించుకుపోయారు.

ఆ కంపెనీ వాళ్లకు అడవి మీద ఎనలేని గౌరవం. ప్లేట్ల మీద అడ్డాకు ఈనెలు, పుల్లల కుట్లు ఉన్నవి ఉన్నట్టు ముద్రించారు. ప్యాకెట్ మీద సభలో తీసిన ముత్తక్క ఫొటో వేశారు. విస్తళ్లు పంచుతూ నవ్వుతున్న ఫొటో. మిర్చి చేలో ఉన్న ముత్తక్కకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. మొన్న మనింటి పెళ్లికి తెప్పించినవి ఆ ప్లేట్లే. పాపం అడవి వాళ్లకు నాలుగు డబ్బులు పోనీ అని, రూపాయి ఎక్కువైనా ఏరి కోరి మనమే ఆ ఫొటో ఉన్న ప్యాకెట్ కొన్నాం.