ఫ్రేము కట్టించిన తిరస్కరణ

కొండమీద కాలేజీవారు ఈ ఏడాది నుంచి తిరస్కరణ పత్రాలకు మేలురకం కాగితం వాడుతున్నట్లు ప్రజలకు సంతోషంతో తెలియజేశారు. అంచుకు బంగారు గీత, కింద ప్రిన్సిపాలుగారి సంతకం. నలభై సీట్లకు నలభై వేల దరఖాస్తులు వచ్చే చోట ఆ మాత్రం మర్యాద చెయ్యకపోతే బాగుండదు కదా.

ఆ పత్రం మా వీధి దర్జీగారి పెద్దమ్మాయికీ వచ్చింది. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల. సీటు ఎందుకు ఇవ్వలేదో కమిటీ దాపరికం లేకుండా రాసింది: 'అభ్యర్థినికి అన్నీ వచ్చు. ఇక్కడ నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు.' సీటు ట్రస్టీగారి మనవడికి దక్కింది. లిఫ్టు చెడిపోయిన రోజున రెండంతస్తులు మెట్లెక్కి జీవితమంటే ఏమిటో తెలుసుకున్నానని ఆ అబ్బాయి రాసిన వ్యాసం చదివి కమిటీలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారట. దర్జీగారింట్లో చెడిపోవడానికైనా లిఫ్టు లేదు. అది ఆ పిల్ల దురదృష్టం.

దర్జీగారు ఏమీ దిగులుపడలేదు. పత్రానికి ఫ్రేము కట్టించి కుట్టుమిషను పైన గోడకు తగిలించారు. మా ఊళ్ళో అదే ఆచారం. "మా అమ్మాయికి కొండమీద కాలేజీలోనే రాలేదండీ" అని కొలతలు తీసుకుంటూ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఎదురింటి గుమాస్తాగారు అది విని తలదించుకునేవారు. వాళ్ళవాడికి రానిది ఏదో మామూలు కాలేజీలో.

"గోడకు ఫ్రేము వచ్చింది సరే నాన్నా. మరి నాకు చదువో?" అంది పిల్ల.

"చదువు ఎక్కడైనా దొరుకుతుందమ్మా. ఇలాంటి కాగితం రావాలంటే పెట్టి పుట్టాలి."

పిల్ల వెళ్ళి టైర్ల కొట్టు మీది కాలేజీలో చేరింది. అక్కడ అడిగినవాళ్ళకల్లా సీటు. లెక్కల మాస్టారు ముప్పై ఏళ్ళుగా బల్లమీద తలపెట్టి నిద్రపోతున్న అనుభవజ్ఞులు. ఆ ఏడు మొదటి క్లాసులో కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కొండమీద వాళ్ళు కాదన్న ముప్పై బడుల ఫస్టులు కూర్చుని ఉన్నారు. హడలిపోయి మర్నాటి నుంచి పాఠం చదువుకుని రావడం మొదలుపెట్టారు. మెట్ల దగ్గర వినీ వినీ టైర్ల కొట్టాయనకు కూడా సగం లెక్కలు వచ్చేశాయి.

నాలుగేళ్ళకు మొదటి పది ర్యాంకులూ టైర్ల కొట్టు మీదివే. కొండమీద కాలేజీ చలించలేదు. తిరస్కరించడంలో ఇప్పటికీ తమదే ప్రథమ స్థానమని ప్రకటన ఇచ్చింది.

ఇంకేముంది, టైర్ల కొట్టుకు దరఖాస్తులు వెల్లువెత్తాయి. పేరొచ్చాక కమిటీ లేకపోతే ఏం బాగుంటుంది? అక్కడే లెక్చరరైన దర్జీగారి పెద్దమ్మాయిని దానికి అధ్యక్షురాలిని చేశారు. ఆవిడ తొలి ఉపన్యాసంలోనే, "మేమంతా తిరస్కరణలోంచి పైకొచ్చినవాళ్ళం. ఆ మహత్తర అనుభవాన్ని రాబోయే తరానికి అందించడం మా కర్తవ్యం" అన్నారు. చప్పట్లు కిందున్న టైర్ల దాకా వినిపించాయి.

మొదటి విడత తిరస్కరణల్లో ఆవిడ సొంత చెల్లెలు ఉంది. తొంభై తొమ్మిది వచ్చాయి. ఒకటి తగ్గింది.

"ఏరు దాటాక తెప్ప తగలేశావు కదే" అన్నారు దర్జీగారు, అన్నం ముందు కూర్చుని.

"రూలు రూలే నాన్నా. కాగితం మాత్రం కొండమీద వాళ్ళకంటే మందం వేయించాను."

దర్జీగారు చెయ్యి తుడుచుకుని కాగితాన్ని రెండు వేళ్ళ మధ్య గుడ్డలా నలిపి చూశారు. మందమే. ఆ వారమే రెండో ఫ్రేము గోడకెక్కింది.

"నేనెక్కడ చదువుకోనే అక్కా?" అని చిన్నది చాలా ఏడ్చింది.

చివరికి ఆ పిల్లే వెతుక్కుంది. ఒక క్షౌరశాల వెనక గది. అడిగినవాళ్ళకల్లా చోటు, నిద్రపోయే మాస్టారు ఒకరు. ఇప్పుడక్కడ తొంభై తొమ్మిదులన్నీ చేరి ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. చిన్నది హాయిగా చదువుకుంటోంది.

ఆ గది ఏ వీధిలో ఉందని మీరు అడగబోతున్నారు. చెప్పను. చెబితే రేపు పొద్దున్నే మీ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు, ఎల్లుండికి దాన్ని కూడా గొప్ప కాలేజీ చేసేస్తారు.