ఆషాఢంలో శాక్సఫోన్

ఆ ఆదివారం పొద్దున సూర్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అమ్మానాన్నలు వారానికి సరిపడా కూరగాయలకి బోయిన్‌పల్లి మార్కెట్టుకి వెళ్తారు. వాళ్లు తిరిగొచ్చేలోగా, పద్మారావు నగర్‌లోని వాళ్ల అద్దె వాటాలో తలుపులకి బొంతలు కట్టి, తన మొట్టమొదటి ర్యాప్ ఆల్బంలో ఆఖరి పాట రికార్డు చేసెయ్యాలి.

రాత్రంతా కాల్ సెంటర్లో అమెరికావాళ్ల చేత తిట్లు తినే సూర్యకి, ఆ తిట్టేవాళ్లని లైన్లో ఆపినప్పుడు మోగే జాజ్ సంగీతం ఒంటబట్టింది. పాటలన్నీ ఆ ధోరణిలోనే కట్టాడు. ఆఖరిదానికి మాత్రం శాక్సఫోన్ లేనిదే పని జరగదు. కంప్యూటర్లో నొక్కితే వచ్చేది జలుబు చేసిన మేకలా ఉంది. నిజంగా ఊదేవాడు అతనికి తెలిసినంతలో ఒక్కడే, బోయిగూడ పెళ్లి బ్యాండు మాస్టర్ వీరయ్య.

"ఈ ఆదివారమైతేనే కుదురుతది బాబూ," అని వీరయ్య ముందే చెప్పాడు. "మన బోనాలు అయిపోయినయ్. శ్రావణం షురూ అయితే లగ్గాలే లగ్గాలు. మల్ల దీపావళి దాంక నేను దొరక."

ఇంట్లో చెప్పే ధైర్యం సూర్యకి లేదు. తండ్రి తాతబ్బాయి ఒకసారి విని, "పాటంటే పాడాలి గానీ, అప్పులోడితో దెబ్బలాడినట్టు ఆ వాగుడేటిరా?" అన్నాడు.

అనుకున్న వేళకే వీరయ్య వచ్చాడు. ఎర్రకోటు, బంగారు జరీ, కుచ్చు టోపీ. వెనక డోళ్లతో సహా బ్యాండు మొత్తం వచ్చింది.

"మిమ్మల్ని ఒక్కరినే, మామూలు బట్టల్లో రమ్మన్నాను కదా మాస్టర్!"

"డ్రెస్ లేకుంటే నాకు దమ్ము రాదు. డోలు లేకుంటే తాళం కుదరదు. పరేషాన్ గాకు. జెర తాంబూలం పెట్టు, షురూ చేద్దం."

సూర్య వరండాలోనే తాంబూలం ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆటోలోంచి దేవిక దిగింది. సూర్య ఆఫీసులోనే పనిచేసే ఆ అమ్మాయికి రికార్డింగు పని బాగా తెలుసు. హాస్టల్ వార్డెన్‌కి గుడికని చెప్పి వచ్చింది కాబట్టి పట్టుచీర కట్టి, తలనిండా మల్లెలు పెట్టింది.

ఎదురింటి బాల్కనీలో బట్టలారేస్తున్న లీలాకుమారి ఇదంతా చూసింది. బ్యాండు, తాంబూలం, పట్టుచీర. పైగా ఆషాఢం! ఆషాఢంలో బ్యాండు దిగిందంటే అది పెద్దలు కుదిర్చిన పెళ్లి కాదని ఆవిడకి తెలుసు. వెంటనే ఏమీ ఎరగనట్టు తాతబ్బాయి సెల్‌ఫోనుకి చేసింది. తీసింది సూర్య తల్లి గంగాదేవి.

"వదినగారూ, మేమంత పరాయివాళ్లం అయిపోయామా? అబ్బాయి పెళ్లి పెట్టుకుని మాటమాత్రం చెప్పలేదు!"

"ఓలమ్మో!" అంటూ గంగాదేవి క్యాబేజీ బస్తా మీద కూలబడింది.

సంగతి విన్న తాతబ్బాయి చేతిలో సంచి కింద పెట్టేశాడు. కొడుకు తనకి చెప్పలేదని బాధపడ్డాడు. కానీ ఇంటికొచ్చిన కోడలు మొదటిపూటే పస్తుంటుందన్న ఆలోచన అంతకన్నా బాధపెట్టింది.

"తిట్టడం సాయంత్రం తిడదాం. ముందు జనానికి భోజనాలేటి పెడతాం?" అని రెండు బస్తాల లేత వంకాయలు కొని ట్రాలీ ఆటో ఎక్కించాడు.

వాళ్లు వచ్చేసరికి లీలాకుమారి వీధిలో కుర్చీలు కూడా వేయించింది. లోపల వీరయ్య అప్పుడే లయ అందుకున్నాడు. సూర్య పాట చివరికొచ్చాడు. ఇంతలో తలుపు మీద దబదబా బాదుడు.

"ఒరే సూర్యా! ఆషాఢంలో పెళ్లేటిరా! కన్నతల్లిని, నాను చచ్చిపోనానేటిరా!"

సూర్య నోట్లో పాట ఆగిపోయింది. వీరయ్య మాత్రం ఆపలేదు. అప్పగింతల వేళ ఆడపిల్ల తల్లి ఏడిస్తే ఆ ఏడుపు వెంటే ఊదడం అతని వృత్తి. గంగాదేవి ఒక మాట అంటే శాక్సఫోన్ దానికి బదులు పలికింది. ఆవిడ బాదిన ప్రతి దెబ్బకీ డోలువాడు ఒక దరువు కలిపాడు.

సూర్య తలుపు తీశాడు. గంగాదేవి ఏడుస్తూనే లీలాకుమారి కలిపి తెచ్చిన అక్షింతలు ఇద్దరి మీదా గుప్పెడు చల్లి, దేవికని దగ్గరికి తీసుకుంది.

"ఏ ఊరే తల్లీ మీది?"

"అనకాపల్లండీ," అంది దేవిక, ఏం జరుగుతోందో అర్థంకాక.

"మన వేపే!"

"అమ్మా, పెళ్లి కాదే! పాట రికార్డు చేసుకుంటున్నాం!"

"పాటా?" అన్నాడు తాతబ్బాయి. "మరి వంకాయలేటి చెయ్యాలిరా?"

సూర్యకి వంకాయల బెంగ లేదు. పాట పాడైపోయింది. "మాస్టర్, ఇంకొక్కసారి ఊదరా?" అని బతిమాలాడు.

"మల్ల గట్ల రాదు బాబూ. అమ్మ ఏడిస్తే వచ్చింది గది."

దేవిక రికార్డయినది వినిపించింది. కొడుకు పాట, చివర్లో తల్లి శోకం, దాన్ని ఓదారుస్తున్న శాక్సఫోన్. ఎవరి దగ్గర దాచాడో వాళ్ల గొంతే పాటకి ప్రాణం పోసేసరికి సూర్యకి సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

తాతబ్బాయి తలాడిస్తూ చివరిదాకా విన్నాడు. "ఇదేనేటి ర్యాపంటే? ఇది మీ అమ్మకి పెళ్లయిన కాడి నుంచీ వచ్చు కదరా!"

ఆ మధ్యాహ్నం వీధంతా గుత్తొంకాయ కూరతో భోంచేసింది. శ్రావణంలో ఆల్బం వచ్చింది. అట్ట మీద సూర్య పేరు కింద గంగాదేవి పేరు వేశారు. సికిందరాబాదులో ఏ పెళ్లి ఊరేగింపులో చూసినా కుర్రాళ్లు వీరయ్యని ఆపి "ఆషాఢంలో పెళ్లేటిరా" ఊదమని అడిగారు.

రెండో ఆల్బం రికార్డింగుకి దేవిక జాగ్రత్తగా జీన్స్ వేసుకుని వచ్చింది. ఎందుకైనా మంచిదని గంగాదేవి ముందురోజే వంకాయలు తెప్పించి ఉంచింది.