మూడో మనిషి సమ్మతి

రహస్యాలు కాపాడటంలో కామారెడ్డిలోని సంక్షేమ రికార్డుల భద్రతా విభాగాన్ని మించింది ఈ భూమండలం మీద లేదు. ఎవరి కాగితం వాళ్లకే తెలియకుండా దాచడం అక్కడ వ్రతంగా పాటిస్తారు.

2012 జూన్‌లో లింగంపేట నుంచి వచ్చిన జమునకు ఈ సంగతి తెలియదు. ఆమె ఎల్లారెడ్డిలో, ఇప్పుడు మూతపడ్డ బాలికల సదనంలో పెరిగింది. పదకొండో ఏట వార్డెన్ సుభద్రమ్మ చేతి మీద అట్లకాడతో వాత పెడితే, నోటుబుక్కులో కాగితం చింపి ఫిర్యాదు రాసి, తనిఖీకి వచ్చిన అధికారికి ఇచ్చింది. ఇచ్చినట్టే గుర్తు. ఏమీ జరగకపోయేసరికి, అసలు ఇచ్చిందా, ఇచ్చినట్టు ఊహించుకుని పదహారేళ్లుగా ఆ ఊహ మీదే నిలబడిందా అని ఆమెకే అనుమానం పట్టుకుంది. తల్లి ధన్లి అయితే, నువ్వు అప్పుడు ఎవరికీ చెప్పలేదు పొమ్మంటుంది. జమునకు కావలసింది ఆ ఒక్క కాగితం.

సూపరింటెండెంటు లక్ష్మీరాజం మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు (లేదని చెప్పాల్సిన వాళ్లను కూర్చోబెట్టే చెప్పాలని అక్కడి నియమం). దరఖాస్తులో గుర్తింపు చిహ్నాల గడి దగ్గర ఆయన పెన్ను ఆగింది.

"చేతి మీద వాత అని రాసినవు. నిన్ను చేర్చుకున్న నాటి రిజిస్టర్ల ఆ వాత ముచ్చట లేదు బిడ్డా."

"చేరినంక పడ్డది సార్. ఆడనే."

"అట్లయితే సదనంల వాతలు పెడతరని రుజువు తేవాలె."

"గా రుజువు మీ బీరువలనే ఉన్నది సార్. గదియ్యమనే వచ్చిన."

లక్ష్మీరాజం ఈ వాదనలోని తర్కాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుని, నాలుగు నెలలాగి రమ్మన్నాడు.

ఈలోగా ఆమె షేర్ ఆటోల్లో తిరిగి, జమున జమునే అని ఒక పత్రం, వాత పాతదే అని డాక్టరు దగ్గర ఇంకో పత్రం సంపాదించింది. అక్టోబరులో ఫైలు బయటికి వచ్చింది. దాన్ని జమున చదవవచ్చో లేదో తేల్చడానికి లక్ష్మీరాజం మొత్తం చదివాడు. చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అటెండరు హన్మంతు కూడా చదివాడు (అతనికి ఆ అధికారం లేదు, తీరిక ఉంది).

"ఉన్నదా సార్?"

"ఉన్నదో లేదో చెప్తే, చెప్పినట్టయితది గద బిడ్డా. ఇంటికి లెటర్ వస్తది, పో."

పదిహేను రోజులకు రిజిస్టర్ పోస్టు వచ్చింది. జమున గడపలో కూర్చుని విప్పింది. దరఖాస్తుదారు 1996లో ఇచ్చిన ఫిర్యాదులో మూడో మనిషి పేరు ఉన్నందున, వారి సమ్మతి లేనిదే దాన్ని చూపలేమని అందులో రాశారు. 'ఇచ్చిన' అన్న మాట మీద ఆమె చాలాసేపు వేలు పెట్టి ఉంచింది. ఇచ్చింది. ఊహ కాదు.

తర్వాత వేలు కింది వరుసలోకి జరిపింది.

"సమ్మతి కోరుతూ రిటైర్డు వార్డెన్ శ్రీమతి సుభద్రమ్మగారికి లేఖ రాయడమైనది. వారి సౌకర్యార్థం ఫిర్యాదు పూర్తి నకలు, మీ ప్రస్తుత ఇంటి చిరునామా జతపరచడమైనది."