నీళ్ల ట్యాంకరు, కనిపించని గడి

బేతంచెర్లలో నీళ్ల ట్యాంకరు ఏ వీధికి వెళ్లాలో నిర్ణయించే కంప్యూటరు ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో తమలో ఎవరికీ తెలియదని అధికారులు ప్రకటించారు. ఎవరికీ తెలియదు కనుక దాన్ని ఎవరూ ప్రలోభపెట్టలేరని వివరించారు. ప్రజలు హర్షించారు.

ప్రోగ్రాం పేరు జలసమదృష్టి. తయారుచేసిన కంపెనీ ప్రారంభోత్సవం ఫొటోలు అచ్చయిన వారమే బోర్డు తిప్పేసింది. పోతూ పోతూ ప్రోగ్రాం లోపల ఏం రాశారో చెప్పే కాగితాలు కూడా పట్టుకుపోయింది. మిగిలింది ఒక తెర. తెర మీద ఇంటి యజమాని పేరు, వీధి, ఇంట్లో ఎంతమంది, ఎండిన డ్రమ్ము ఫొటో అడుగుతుంది. అవి ఇచ్చి మీట నొక్కితే ట్యాంకరు వస్తుంది. లేదా రాదు.

స్టేషన్ దగ్గర ఉగ్గాని హోటల్ నడిపే పీరమ్మకు రాలేదు. బొరుగులను నీళ్లలో తడిపి పిండితే తప్ప ఉగ్గాని తయారు కాదు. వేసవి మొదలయ్యాక ఆమె వీధిలో బోర్లు ఎండిపోయాయి. ఉగ్గాని మానేసి బజ్జీలు మాత్రమే వేసింది. మిరపకాయ బజ్జీ తిన్నవాళ్లు మంచినీళ్లు అడిగారు. లేవంటే వాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయడం కుదరదు. నెలాఖరులోగా నీళ్లు రాకపోతే హోటల్ మూయాల్సిందేనని ఆమె తేల్చుకుంది. ఆ సంగతి చెప్పడానికి నీళ్ల ఆఫీసుకు వెళ్లింది. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగి నాగచైతన్య.

“ఏమప్పా, మా వీధికి ట్యాంకరు ఎప్పుడొస్తాది?”

“నా చేతిలో ఏముండాదక్కా. అంతా మిషనే చూసుకుంటాది.”

“మిషన్‌కు దప్పికయితాదా?”

“కాదక్కా.”

“అందుకే దానికి తెలీడం లేదు.”

ఈలోగా మిషన్ మనసు తెలుసుకునే పనిని ప్రజలే చేపట్టారు. లోపల చూసే వీలు లేదు కనుక ట్యాంకరు ఎవరింటికి వస్తోందో చూసి, వాళ్లు ఏం చేస్తున్నారో గమనించి, తామూ అదే చేయడం మొదలుపెట్టారు. బండల పాలిష్ యూనిట్ యజమాని రాజశేఖర్ ఇంటికి ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తోంది. ఆయన డ్రమ్ము పాలిష్ బండ మీద ఉంటుంది. మిషన్‌కు పాలిష్ బండ అంటే ఇష్టమని వీధుల్లో తేలిపోయింది. మరునాటి నుంచి ఊళ్లోని డ్రమ్ములన్నీ పాలిష్ బండలెక్కాయి. రాజశేఖర్ తన యూనిట్‌లో మిగిలిన ముక్కలకు జలశిల అని పేరు పెట్టి అమ్మాడు. బండకు పాలిష్ పట్టడానికి నీళ్లు కావాలి. ఊళ్లో మిగిలిన నీళ్లు ఆ పనికి ఖర్చయ్యాయి. ఒక ఇంట్లో బండ ఎంత నున్నగా వచ్చిందంటే, డ్రమ్ము జారి మురికి కాలువలో పడింది. ఆ ఫొటోకూ ట్యాంకరు రాలేదు. బండ వాలు తప్పని చుట్టుపక్కలవాళ్లు నిర్ధారించారు.

కిరాణా కొట్టు కేశవయ్య ఇంకో సూత్రం కనిపెట్టాడు. ఆయన ఒకరోజు పంచాంగం చూడటం మరిచి రాహుకాలంలో దరఖాస్తు పంపాడు. సాయంత్రానికి ట్యాంకరు వచ్చింది. యంత్రాలకు మంచి గంటలు వేరని పురోహితులు ధ్రువీకరించారు. అప్పటి నుంచి రాహుకాలంలో సర్వర్ కిక్కిరిసి ఆగిపోయేది. మిగతా వేళల్లో ఈగలు తోలుకునేది. పెళ్లి ముహూర్తాలు కూడా మిషన్‌నే అడగాలని కేశవయ్య ప్రతిపాదించాడు. అది పరిశీలనలో ఉంది.

పీరమ్మ కూడా బండ కొన్నది. రాహుకాలంలో పంపింది. ట్యాంకరు రాలేదు.

చివరకు కర్నూలు నుంచి అన్వేషణ సంఘం వచ్చింది. అధ్యక్షుడు దావీదురాజు బహిరంగ సభలో మాట్లాడారు. “విత్తనంలో చెట్టును చూసినవాళ్లున్నారు. మనం చెట్టును చూసి విత్తనాన్ని కనుక్కోబోతున్నాం. ఫలితం నుంచి కారణానికి నడవబోతున్నాం. వెనక్కి నడిచి ముందుకు పోయిన జాతిగా చరిత్ర మనల్ని గుర్తుపెట్టుకుంటుంది.” సభలో నీళ్ల సీసాలు పంచారు. ప్రసంగం మళ్లీ మొదటి నుంచి చెప్పాలని జనం కోరారు.

సంఘం ముందుగా డోన్ జంక్షన్‌కు వెళ్లి రైళ్లు పట్టాలు ఎలా మారతాయో అధ్యయనం చేసింది. భోజనం సంతృప్తికరంగా ఉందని నివేదిక సమర్పించింది. తర్వాత కర్నూలులో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే ఆయేషాను పిలిపించింది.

ఆయేషా ఒకే ఇంటి దరఖాస్తును ప్రతిసారీ ఒక్క వివరం మార్చి పంపింది. బండ ఉన్న డ్రమ్ము, లేని డ్రమ్ము, రాహుకాలం, అమృతఘడియ. దేనికీ తేడా రాలేదు. ఫొటోలను ప్రోగ్రాం ఒక్కసారైనా తెరవలేదని తేలింది. అప్పుడు ఆమె ప్రోగ్రాం వివరాలు దాచుకునే ఫైలును తెరిచి అక్షరం అక్షరం కొలిచింది. ప్రతి ఇంటికీ దరఖాస్తులో అడిగిన వివరాలకు మించిన చోటు ఉంది. ఫొటో తర్వాత ఇంకో గడి ఉంది. అది తెర మీద కనిపించదు. పీరమ్మ ఇంటికి అది ఖాళీ. రాజశేఖర్, కేశవయ్యల ఇళ్లకు అందులో ఏదో పేరు ఉంది. గడిలో పేరున్న దరఖాస్తు వరుసలో ముందుకు వస్తుంది. ఖాళీగా ఉన్నది ప్రతి ఉదయం చివరకు వెళ్తుంది.

ఆమె నాగచైతన్యను అడిగింది. “ఈ గడి సంగతి నీకు తెలుసా?”

“తెలుసు గదక్కా.” అతను ఒక మీట నొక్కాడు. గడి తెరుచుకుంది. “పెద్దోళ్లు ఫోన్ చేసి ఫలానా ఇల్లు మనోళ్లది అంటారు. మర్చిపోకుండా ఫోన్ చేసినోళ్ల పేరు ఈడ రాసి పెడతాండా.”

“సంఘం ఇన్నాళ్లుగా వెతుకుతాంటే చెప్పలేదేం?”

“మీరు రహస్యం వెతుకుతాండారు అనుకుంటి. ఇది ఆఫీసులో అందరికీ తెలిసిందే.”

గడుల్లో ఎక్కువసార్లు కనిపించిన పేరు దావీదురాజుది. తన ప్రజాసేవ ఇంత పద్ధతిగా నమోదై ఉన్నందుకు ఆయన సంతోషించారు.

ఫలితం చెప్పడానికి బేతంచెర్లలో మళ్లీ సభ పెట్టారు. అది నెలాఖరు రోజు. గడిని తీసేస్తే ముందు అడిగినవాళ్లకు ముందు నీళ్లు వస్తాయని ఆయేషా వివరించింది. తీసేయాలనుకునేవాళ్లు చేతులెత్తాలని దావీదురాజు కోరారు. ఆయేషా ఎత్తింది. ఇంకెవరూ ఎత్తలేదు.

“గడిలో రెండు పేర్లు రాస్తే రెండు ట్యాంకర్లు వస్తాయా?” అని కేశవయ్య అడిగాడు.

“మా బావ కర్నూల్లో ఆఫీసు జీపు తోల్తాడు. ఆయప్ప పేరు పనికొస్తాదా?” అని వెనక నుంచి ఒకామె అడిగింది. పనికిరాదని ఎవరో నవ్వారు. జీపులో కూర్చునే ఆయన పేరైతే పనికొస్తుందని ఇంకొకరు సలహా ఇచ్చారు.

పీరమ్మ లేచింది. ఆరోజు ఆమె పొయ్యి వెలిగించలేదు. ఆయేషా ఆమె వైపు ఆశగా చూసింది.

“తీసేయాకు తల్లీ,” అంది పీరమ్మ. “ఈ గడి తీసేస్తే ఇంకోటి యాడో పెడతారు. దాన్ని మళ్లా నువ్వు వెతకాల. అంతదాంకా నా హోటల్ ఉంటాదా? ఇదైతే యాడుండాదో తెలిసిపాయె. అందులో నీ పేరు రాయించు.”

“నా పేరా? నేనెవరిని పెద్దమ్మా?”

“కర్నూల్ నుంచి వచ్చినావు. స్టేజీ మీద కుర్చీ ఏసినారు. ఇంకేం గావాల?”

నాగచైతన్య అప్పటికే కంప్యూటరు తెరిచి కూర్చున్నాడు. “ఇంటిపేరుతో సహా చెప్పక్కా. తప్పు పోగూడదు.”

ఆయేషా పీరమ్మను చూసింది. తర్వాత నేల చూసింది. తర్వాత పూర్తి పేరు చెప్పింది.

మరునాడు పొద్దున్నే పీరమ్మ వీధికి ట్యాంకరు వచ్చింది. స్టేషన్ దగ్గర ఉగ్గాని దొరికింది. గడి విజయవంతంగా పనిచేస్తోందని సంఘం ధ్రువీకరించి తన బాధ్యత ముగించింది. గడిని తొలగించాలని ఆయేషా రాసిన నివేదిక అచ్చయింది. దాని ప్రతి కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆమె ఫోన్ నంబరు మాత్రం కిరాణా కొట్లలోనూ, పాలిష్ యూనిట్లలోనూ, స్టేషన్‌లోనూ గోడల మీద రాసి ఉంది.

ఈ కథ ఇక్కడిదాకా చదివి, ఇదేం అన్యాయమని బాధపడిన పాఠకుల సౌకర్యార్థం ఆ నంబరు ఇక్కడ ఇద్దామనుకున్నాం. అనవసరం. మీరంతా ముందే ఫోన్ చేస్తున్నట్టున్నారు, నిన్నటి నుంచి ఎప్పుడు చూసినా బిజీ వస్తోంది.