శాంపిల్ గారింటి చదువు

ఆ సోమవారం పొద్దున శాంపిల్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, ఆరేళ్ళ కూతురికి ఇంట్లోనే చదువు చెప్పడానికి ఒక లెక్కల పుస్తకం, ఒక వాచకం, వీలైతే ఒక బొమ్మల పుస్తకం ఎంచుకోవడం, తొమ్మిదింటికల్లా ఫ్యాక్టరీకి వెళ్ళిపోవడం. అంతే. మనిషన్నవాడు ఇంతకంటే అమాయకమైన పథకం వేయలేడు.

ఆయన కుళాయిల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఇన్‌స్పెక్టరు. తయారైన ప్రతి లాటు నుంచీ కొన్ని కుళాయిలు శాంపిల్‌గా తీసి, ఒక్కోదాన్నీ మూడు వందల సార్లు తిప్పి కట్టి, ఒక్క బొట్టు కారినా లాటు మొత్తం వెనక్కి పంపడం ఆయన పని. పదిహేనేళ్ళు అదే పని చేసి చేసి, శాంపిల్ చూడందే దేన్నీ నమ్మలేని స్థితికి వచ్చేశారు. చెప్పుల దుకాణంలో చెప్పులు తొడుక్కుని వీధి చివరిదాకా నడిచొస్తారు. గొడుగు కొనాలంటే వాన పడే రోజు చూసుకుని వెళ్తారు. అసలు పేరు ఆఫీసు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు, అందరికీ ఆయన శాంపిల్ గారే.

కూతురికీ ఒక ముద్దుపేరుంది, ఎందుకమ్మ. నీళ్ళు తడిగా ఎందుకుంటాయి, మోచెయ్యి వెనక్కి ఎందుకు వంగదు, బస్సులో కూర్చుంటే చెట్లు ఎందుకు పరిగెడతాయి అని పొద్దస్తమానం అడిగేది. ఒకసారి అన్నం తింటున్నంతసేపట్లో నలభై ఒక్క ప్రశ్నలు వేసింది. ఇన్‌స్పెక్టరు కదా, తండ్రి లెక్కపెట్టాడు. అలాంటి పిల్లని బళ్ళో వేశారు. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ బళ్ళో ఒక్కో తరగతికి డెబ్భైమంది. నాలుగు నెలలు తిరిగేసరికి పిల్ల ప్రశ్నలన్నీ మానేసి ఒకే ఒక్క మాట నేర్చుకుంది. ఏం చెప్పినా "సరే". వాన పడుతోంది బయటికెళ్ళకూడదంటే "సరే". నీళ్ళు పైకి చిమ్మే కొత్తరకం కుళాయి తెచ్చి చూపిస్తే కూడా "సరే". ఆ రోజు శాంపిల్ గారు కుళాయి పక్కన పెట్టేశారు. కుళాయి విప్పి వాషరు చూసినట్టు పిల్లని విప్పి చూడలేడు కదా!

అందుకే బడి మాన్పించి ఇంట్లో చదివిస్తామని విద్యాశాఖకి దరఖాస్తు పెట్టుకున్నారు. వచ్చే వారం గురువారం అధికారిణి స్వయంగా ఇంటికొస్తుంది. ఎంచుకున్న పుస్తకాలు, సామగ్రి చూసి సరేనంటే సరి. కాదంటే ఆ పై సోమవారం పిల్ల మళ్ళీ ఆ డెబ్భైమంది మధ్యకే.

"రెండు మంచి పుస్తకాలు కొనుక్కురండి చాలు," అంది భార్య, జడ ముడేసుకుంటూ. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు, పొద్దుటి డ్యూటీ. "ఆ శాంపిల్ అనే మాట మాత్రం ఎత్తకండి, మీకు పుణ్యముంటుంది."

"ఎత్తను," అన్నారాయన. ఎత్తలేదు కూడా. నోటితో అనకుండా కంప్యూటరు ముందు కూర్చున్నారు.

పుస్తకాల కంపెనీలు నమూనాలు ఉచితంగానే పంపుతాయట. కాకపోతే బడులకి మాత్రమే పంపుతాయి, తరగతిలో కనీసం ముప్పైమంది ఉండాలి. ఆయన "ఒకటి" అని కొట్టారు. గడి ఎర్రబడింది. మళ్ళీ ఒకటి కొట్టారు. మళ్ళీ ఎర్రబడింది. శాంపిల్ గారు నికార్సయిన మనిషి, పదిహేనేళ్ళలో ఒక్క రిపోర్టులోనూ దొంగ అంకె వేసినవాడు కాదు. ఏం చేయాలో తోచక పక్కకి చూస్తే, కిటికీ కింద కూతురు బొమ్మలన్నిటినీ వరసగా కూర్చోబెట్టి, మాటామంతీ లేకుండా వేలు చూపించి బెదిరిస్తూ పాఠం చెబుతోంది.

"మీ క్లాసులో ఎంతమందమ్మా?"

పిల్ల లెక్కపెట్టింది. ఏనుగు, ఒంటికన్ను కుందేలు, మొహాలు గీసిన పద్దెనిమిది బట్టల క్లిప్పులు, విరిగిన చెంచా, ఇంకా ఎవరెవరో. "నాతో కలిపి ముప్పై ఒకటి."

ఆయన ముఖం వెలిగిపోయింది. తరగతిలో ఎంతమంది అని అడిగారు, తరగతిలో ఉన్నవాళ్ళని లెక్కపెట్టి రాశారు, ఇందులో అబద్ధమేముంది? బడి పేరు అనే గడిలో "ఇల్లు" అని రాసి, తొమ్మిది కంపెనీలకి తొమ్మిది సార్లు పంపించి, ఈల వేసుకుంటూ ఫ్యాక్టరీకి వెళ్ళారు.

బుధవారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది. కంపెనీకొక పుస్తకం వస్తుందనుకున్నారు పాపం. తరగతిలో పిల్లకొకటి చొప్పున వచ్చాయి. తొమ్మిది రకాల వాచకాలు ముప్పై ఒక్కటేసి, లెక్కల పూసల చట్రాలు ముప్పై ఒకటి, భూతద్దాలు ముప్పై ఒకటి. వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పెట్టెలు హాల్లో నిండి, వంటగదిలోకి పాకి, అక్కడా చోటు చాలక మెట్ల మీదుగా కిందివాటా దర్జీ అక్క గుమ్మందాకా దిగిపోయాయి.

డ్యూటీ దిగి వచ్చిన భార్య, మెట్లన్నీ పక్కవాటుగా ఎక్కి ఇల్లు చేరింది.

"ఇవన్నీ ఎవరికండీ?"

"క్లాసుకి."

"ఏ క్లాసుకి?"

శాంపిల్ గారు ఏనుగు వైపు చూపించారు. ఆవిడ ఏనుగునీ, ఏనుగు పక్కన బట్టల క్లిప్పులనీ, మొగుణ్ణీ వరసగా చూసింది.

"ఇప్పుడే అన్నీ తిప్పి పంపించెయ్యండి."

"అలా కుదరదట. నెలరోజులు క్లాసులో వాడి అభిప్రాయం రాస్తేనే తీసుకుంటారట," అన్నారు ఆయన, ఒక వాచకం అట్ట తెరుస్తూ, మూస్తూ. అప్పటికే నూట అరవైసార్లు తెరిచారు. కుట్టు గట్టిదే.

ఆయన సెలవు పెట్టేశారు, పదిహేనేళ్ళలో మొట్టమొదటి సెలవు. పుస్తకాలని బల్ల మీంచి పడేశారు, తడి వేలితో రుద్దారు, పేజీ మూల పట్టుకుని ఊపారు. గట్టిదనం తేలిపోయింది. ఇక లోపల ఉన్నదెలా ఉందో తేలాలి. ఒక్కో పుస్తకం కూతురికిచ్చి, "ఎలా ఉందమ్మా?" అని అడిగారు. తొమ్మిదింటికీ ఒకటే జవాబు, "సరే". అందులోంచి ఏం తెలుస్తుంది, మట్టిగడ్డ! పుస్తకం బాగాలేదా, పిల్లే అలా అయిపోయిందా? ఒక్క శాంపిల్‌తో నిర్ధారణకి రాకూడదు, కనీసం పది ఉండాలి అన్నది వాళ్ళ ఫ్యాక్టరీ గోడ మీద రాసి ఉంటుంది. పది ఎక్కణ్ణుంచి తేవడం అని తల పట్టుకుని కూర్చున్నప్పుడు దర్జీ అక్క పెట్టెలు దాటుకుంటూ పైకొచ్చింది.

"ఏం అన్నయ్యా, బడి పెడుతూ కిందింటివాళ్ళకి ఒక్క మాటైనా చెప్పరా? మా చెల్లెలి పిల్లలిద్దరికి ఆ పెద్దబళ్ళో సీటివ్వలేదు. మీ బళ్ళో వేసుకోండి, మీకు దండం పెడతా."

ఇక్కడ మామూలు మనిషైతే "బడి లేదు, గిడి లేదమ్మా" అని ఉండేవాడు. శాంపిల్ గారు కళ్ళు పెద్దవి చేసి, "ఎన్నేళ్ళు?" అని అడిగారు.

"ఒకడికి ఐదు, ఒకత్తెకి ఆరు."

"రేపు తీసుకురా. రెండు గంటలు. కొంచెం చూడాలి."

దర్జీ అక్క దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు తక్కువమందా? సీటు దొరకని పిల్లలు తక్కువమందా? సోమవారానికి పదకొండుమంది తయారయ్యారు. మంగళవారం దర్జీ అక్క ఎవరూ అడక్కుండానే గళ్ళ గుడ్డ తీసుకొచ్చి, కుట్టుమిషను పైకి మోయించి, హాల్లోనే యూనిఫారాలకి కొలతలు మొదలెట్టింది. శాంపిల్ గారు వద్దనలేదు. నిజానికి వినిపించుకోలేదు. ఏ పిల్ల ఏ పేజీ దగ్గర ఆగుతోంది, ఏ పిల్లాడు ఏ బొమ్మ దగ్గర నవ్వుతున్నాడు అని పట్టీ రాసుకోవడంలో మునిగిపోయి ఉన్నారు. ఎందుకమ్మ మాత్రం ఒక మూల కూర్చుని అందరినీ చూస్తూ ఉండేది.

అదే రోజు భూతద్దాలు పంపిన కంపెనీ సేల్స్‌మన్ వచ్చాడు, ముప్పై ఒక్కమంది క్లాసు కళ్ళారా చూసి పోదామని. చూశాడు. లెక్కపెట్టాడు.

"పన్నెండుమందే ఉన్నారేంటి సార్? మిగతావాళ్ళు?"

"అలమారలో ఉన్నారు," అన్నారు శాంపిల్ గారు తలెత్తకుండా.

సేల్స్‌మన్ గోడ పట్టుకున్నాడు. అలమార తెరిచి కుందేలుని చూశాక గాని ఊపిరి తీసుకోలేదు. కంపెనీకి ఫిర్యాదు రాద్దామని కలం తీశాడు గాని, ఈలోపు పిల్లలు భూతద్దాలు పట్టుకుని మీద పడ్డారు. వాళ్ళకి తన చొక్కా చేతిలో దారం అల్లిక చూపించాడు, తర్వాత గోరు, తర్వాత ఉప్పు రవ్వ. పొద్దుపోయాక ఇంటికెళ్ళాడు. బుధవారం పిలవకుండానే వచ్చాడు.

గురువారం వచ్చింది. భార్య డ్యూటీ లేని రోజు. ఆవిడ పొద్దున్నే పగ్గాలు చేతిలోకి తీసుకుంది.

"ఆవిడొచ్చేసరికి హాల్లో మనం ముగ్గురం, మూడు పుస్తకాలు. అంతే. మిగతావన్నీ వెనక గదిలోకి!"

"పట్టరేమో," అన్నారు ఆయన.

"నా బస్సులో ఎంతమంది పడతారో నాకు తెలుసు. జరగండి, లోపలికి జరగండి! తలుపు దగ్గర నిలబడొద్దు!"

పది నిమిషాల్లో పదకొండుమంది పిల్లలు, దర్జీ అక్క, కుట్టుమిషను, పొద్దున్నే వచ్చి కూర్చున్న సేల్స్‌మన్, మెట్ల మీదా హాల్లోనూ మిగిలిన పెట్టెలు అన్నీ వెనక గదిలో సర్దుకున్నాయి. తలుపు పడింది. బెల్లు మోగింది.

అధికారిణి కళ్ళజోడు సవరించుకుని కూర్చుంది. మూడు పుస్తకాలు తిరగేసింది. "బాగున్నాయి," అంది. పిల్లని దగ్గరికి పిలిచింది.

"ఇంట్లో చదువుకోవడం నీకిష్టమేనా?"

"సరే."

"పోనీ, బడికే వెళ్తావా?"

"సరే."

అధికారిణి కలం ఆపి పిల్ల వంక చూస్తుండగా, వెనక గదిలో ఎవరో తుమ్మారు. ఆ వెంటనే ఇంకెవరో తుమ్మారు. తర్వాత ఎవరి కాలో కుట్టుమిషను తొక్కింది, గడగడమని చప్పుడు. "నా చెయ్యి! సార్ చెయ్యి!" అని కేకలు. తలుపు దానంతటదే తెరుచుకుని, ఒకరి వెనక ఒకరు, గళ్ళ చొక్కాలు సగం కుట్టినవి తొడుక్కుని, చేతుల్లో భూతద్దాలతో పిల్లలంతా హాల్లోకి వచ్చి పడ్డారు. చివర్న సేల్స్‌మన్, చొక్కా చేతిని యూనిఫారంతో కలిపి కుట్టేసుకుని.

అధికారిణి లేచి నిలబడింది. శాంపిల్ గారు అన్నీ చెప్పేశారు. దాచడం చేతకాదు. ఏనుగు దగ్గర మొదలుపెట్టి, ఎర్ర గడి, ముప్పై ఒకటి, అలమార, అంతా. చెప్పిన కొద్దీ ఆవిడ ముఖం గట్టిపడింది.

"అనుమతి లేకుండా బడి! ఇంటి చదువంటే ఇంట్లో పిల్లలకి, ఊళ్ళో పిల్లలకి కాదు. మీ దరఖాస్తు చెల్లదు. వీళ్ళందరినీ పంపించెయ్యండి. మీ పాప సోమవారం నుంచి పాత బడికి వెళ్ళాలి."

భార్య తల దించుకుంది. పదకొండుమంది పిల్లలూ చేతుల్లోని భూతద్దాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టడం మొదలెట్టారు.

"ఎందుకు?"

శాంపిల్ గారు ముందు ఎవరన్నారో గుర్తు పట్టలేదు. అంత కాలమైంది ఆ మాట విని.

"వాళ్ళు ఎందుకెళ్ళాలి?" అంది ఎందుకమ్మ, అధికారిణి ముందుకొచ్చి నిలబడి. "వాళ్ళకి అక్కడ సీటు లేదుగా?"

"రూలు అలా ఉందమ్మా."

"అలా ఎందుకుంది? ఎవరు రాశారు? వాళ్ళకి పిల్లలున్నారా?"

తండ్రి కళ్ళు తుడుచుకున్నాడు, సిగ్గుపడలేదు. మిగతా పిల్లలు కూడా అందుకున్నారు. రూలు ఎక్కడుంది, చూపించండి, దాన్ని భూతద్దంతో చూడొచ్చా. అధికారిణి పాతికేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదేమో, విసుక్కోబోయి విసుక్కోలేక సంచీలోంచి రూళ్ళ పుస్తకం తీసి మళ్ళీ చదవడం మొదలెట్టింది. ఒక పేజీ దగ్గర ఆగింది. వేలు పెట్టి రెండుసార్లు చదివింది. సంచీలోంచి ఇంకో కాగితం తీసి, అక్కడున్న పిల్లల పేర్లు ఒక్కొక్కటే అడిగి టిక్కులు పెట్టింది. అది సీటు దొరకని పిల్లల జాబితా. ఆరు నెలలుగా ఆవిడ బల్ల మీద కదలకుండా కూర్చుంది.

"చిన్నబడికి పదిమంది ఉంటే చాలు," అంది నెమ్మదిగా. "గది ఉంది. ఇన్ని పుస్తకాలు ఏ బళ్ళోనూ చూళ్ళేదు. టీచరెవరు?"

పిల్లలందరి వేళ్ళూ సేల్స్‌మన్ వైపు తిరిగాయి.

"అమ్మా, నేను భూతద్దాలు అమ్ముకోవడానికొచ్చానండీ!"

"టీచరు శిక్షణ ఉందా?"

"ఉందండీ," అన్నాడు అతను, నేరం ఒప్పుకున్నట్టు. "ఉద్యోగం దొరక్క ఇటొచ్చాను."

"ఇప్పుడు దొరికింది. ఏడాదికి తాత్కాలిక అనుమతి రాస్తున్నాను. నా జాబితాలోంచి ఇంకో పందొమ్మిదిమందిని పంపిస్తాను."

శాంపిల్ గారు ఆశగా ముందుకు వంగారు. "అయితే మా అమ్మాయి ఇంటి చదువు?"

"కుదరదు. కిలోమీటరు లోపల బడి ఉంటే పిల్లని ఆ బడికే పంపాలి. నిన్నటిదాకా మీకు దగ్గర్లో బడి లేదు. ఇప్పుడుంది. ఇక్కణ్ణుంచి ఎంత దూరం?"

శాంపిల్ గారు పడగ్గది గుమ్మం నుంచి హాలుకి అడుగులు వేసి చూశారు, ఒకసారికి నమ్మకం కుదరక మూడుసార్లు. "పదకొండడుగులు."

సోమవారం పొద్దున ముప్పై ఒక్కమందిలో ముప్పైమంది తొమ్మిదింటికల్లా మూడంతస్తులు ఎక్కి వచ్చేశారు. పదకొండడుగుల దూరంలో ఉన్న ఎందుకమ్మ ఒక్కతే ఆలస్యంగా వచ్చింది.